పక్క బావి ఐదు మూరలు

బిరడా 41. ఎండకారు, 58వ రోజు.

ఎడమ పేజీ: నీరు మూడు మూరల నాలుగు వేళ్లు. పట్టీ పసుపు. తోడిన చేదలు అరవై రెండు. మొదటి గుక్క తాగాను.

కుడి పేజీ నా సొంతం. ఎడమ పేజీని తొలివాన పడిన రోజు ఊరందరి ముందూ చదువుతారు కాబట్టి అక్కడ అంకెలూ, నీళ్లలో ముంచి చూసే పట్టీ రంగూ మాత్రమే రాస్తాను. కుడి పేజీని కాపరి ఒప్పుకోనిదే ఎవరూ చూడకూడదు. బోర్లన్నింటికీ బిరడాలు కొట్టిన ఏడు, మా లెక్కలో బిరడా ఒకటిలో, మా నాన్న ఈ బావి తవ్వాడు. ఈ నియమం కూడా ఆయనే పెట్టించాడట. బావి కాపరికి కడుపులో మాట కక్కుకోవడానికి ఒక చోటుండాలని ఆయన ఉద్దేశం. ఆయనకు కక్కుకోవలసినదేమీ ఉండేది కాదు. అప్పట్లో ఊరికి బావి ఒక్కటే.

ఇప్పుడు రెండు.

పొద్దున చెవి ఎప్పటిలాగే తన మాట చెప్పింది. చెవి అంటే ఒరకు, బావి లోపలి సిమెంటు చుట్టుకు, బిగించిన గొట్టం. నేల లోపల నీటి చప్పుడు విని మట్టం చెబుతుంది. అది చెప్పింది కాపరి చేత్తో రాస్తేనే లెక్క. "మీ బావి మూడు మూరల నాలుగు వేళ్లు. పక్క బావి ఐదు మూరలు" అంది. నా బావి సంగతి చెప్పి నోరు మూసుకోవచ్చు కదా? ఒకే పొరలో ఉన్న బావులన్నింటి మట్టమూ చెప్పమని దాన్ని చేసినవాళ్లు నేర్పారట. తిరుపాలు అనే ఈ కాపరికి రోజూ తెల్లవారగానే కడుపు మండాలని మాత్రం వాళ్లు అనుకుని ఉండరు.

పక్క బావి మద్దిలేటమ్మది. పద్దెనిమిదేళ్ల వయసులో నా దగ్గర పనికి చేరి, నేను తాడు పడితే పన్నెండేళ్లు బావిలో దిగింది. మట్టి వాసన చూడటం, ఒర దించడం, ఊట ఎటునుంచి వస్తుందో చెయ్యి పెట్టి చెప్పడం, అన్నీ నేను నేర్పినవే. నాలుగేళ్ల కింద ఎర్రవంక మలుపులో, ఎండల్లోనూ ఈతపొదలు పచ్చగా ఉన్నచోట తవ్వుతానంది. అక్కడ నీళ్లు పడితే మీసం తీయించుకుంటానని పదిమందిలో అన్నాను. నాలుగు బారలకే పడ్డాయి. తీయించుకున్నాను. మీసం మళ్లీ పెరిగింది గానీ, దాని గురించిన ముచ్చట్లు తగ్గలేదు.

61వ రోజు.

ఎడమ పేజీ: నీరు మూడు మూరల ఒక వేలు. పట్టీ పసుపు. చేదలు నలభై ఎనిమిది. మొదటి గుక్క తాగాను.

కాపరి ముందుగా ఒక గుక్క తాగి, పదిమందీ చూశాకే మిగతావాళ్ల కుండలు నిండాలి. ఆ చూసే పని మా ఊళ్లో బాలన్నది. ఎనభై దాటాయి. చిన్నతనమంతా అడుగునీళ్లు, అంటే బోర్ల కాలపు లోతు నీళ్లు తాగి పెరిగాడు. మోకాళ్ల కింద కాళ్లు రెండూ విల్లులా వంగి ఉంటాయి. రెండు కర్రల మీద రోజూ వచ్చి నా గొంతు కదలడం చూసి తల ఊపుతాడు.

ఈ రోజూ ఊపాడు. ఊపి, కర్రలు తిప్పుకుని, ఖాళీ చెంబుతో వంక వైపు బయలుదేరాడు. యాడికి బాలన్నా అన్నాను. "ఆడ తియ్యగా ఉంటాయిరా" అన్నాడు. వంగిన కాళ్లతో రెండు ఫర్లాంగులు నడుస్తాడు గానీ నా ముందున్న చేద తీసుకోడు.

తియ్యగా ఉంటాయి. ఈ మాట ఊళ్లో అనని నోరు లేదు, నాది తప్ప. నేను అనను. ఒకసారి పండగ పూట ఆ నీళ్లు నా గ్లాసులోకి వచ్చాయి. తాగాను. ఎట్లున్నాయని నా పెళ్లాం లింగమ్మ అడిగితే తడిగా ఉన్నాయని చెప్పాను.

63వ రోజు.

ఎడమ పేజీ: నీరు రెండు మూరల ఎనిమిది వేళ్లు. పట్టీ పసుపు. చేదలు నలభై. మొదటి గుక్క తాగాను.

పెద్దకాపరిగా ఇంకో బావిని తనిఖీ చేసే హక్కు నాకుంది. ఈ రోజు వాడుకున్నాను. గట్టు చుట్టూ సిమెంటు పళ్లెంలో పగులు కోసం మోకాళ్ల మీద పాకి వెతికాను. ఒక్క చీమ దూరే సందు కూడా లేదు. బావిలో ఎవరైనా సొంత చేద దించుతున్నారేమోనని గంటసేపు కూర్చున్నాను. అందరూ చేతులు కడుక్కుని బావి చేదతోనే తోడుకున్నారు. మూత బిగుతుగా పడుతోంది. పారిన నీళ్లు కాలువ వెంట దూరంగా పోతున్నాయి. మేకల దొడ్డి ఉండాల్సిన దూరం కంటే ఇంకా అవతలే ఉంది. నిజం చెప్పాలంటే ఒక్క మేకపెంటిక కనబడితే చాలనుకుని వెళ్లాను.

మద్దిలేటమ్మ నీడలో పీట వేసింది. "తప్పేమన్నా ఉంటే చెప్పు చిన్నాయనా, సరిచేసుకుంటా" అంది. ఆ అనడంలో వెటకారం ఉందేమోనని దారంతా ఆలోచిస్తూ వచ్చాను. లేదు. ఉండి ఉంటే బాగుండేది.

66వ రోజు.

ఎడమ పేజీ: నీరు రెండు మూరల మూడు వేళ్లు. పట్టీ పసుపు. చేదలు ముప్పై మూడు. మొదటి గుక్క తాగాను.

ఈ రోజు పప్పు బాగా ఉడికింది. నా బావి నీళ్లకు కందిపప్పు ఉడకదు, పెళ్లయిన నాటి నుంచీ మా ఇంట్లో పప్పు నమిలే తింటాం. ఈ రోజు ముద్ద నోట్లో కరిగిపోయింది. రెండుసార్లు వడ్డించుకున్నాక అనుమానం వచ్చింది. ఏ నీళ్లు అని లింగమ్మను అడిగాను.

"యా నీళ్లయితే ఏమిలే. పళ్లు ఉన్నన్నాళ్లన్నా మెత్తగా తిను" అంది.

కాపరి పెళ్లాం పక్క బావికి పోవడం! అదీ కొంగు కింద చెంబు దాచుకుని కాదు, పట్టపగలు, నెత్తిన బిందె పెట్టుకుని, నలుగురితో మాట్లాడుకుంటూ పోయి వచ్చిందట. ఒక బావి కాపరికి ఇంతకంటే అవమానం ఏముంటుందో నాకు తెలియదు. చెయ్యి కడిగేసుకున్నాను. కానీ అప్పటికే కడుపు నిండి ఉంది. అందుకూ నాకు కోపం వచ్చింది.

69వ రోజు.

ఎడమ పేజీ: నీరు ఒక మూర పది వేళ్లు. పట్టీ పసుపు. చేదలు ఇరవై రెండు. మొదటి గుక్క తాగాను.

ఇరవై రెండు. వరసగా పది రోజులు ఇరవైకి తక్కువ తోడితే ఆ బావికి మూత వేయాలి. కదలని నీళ్లు మురుగుతాయి, అందుకే ఆ నియమం. మూత వేశాక కాపరి తన తాళంచెవి ఇంకో బావి కాపరికి అప్పజెప్పాలి. అంటే మా నాన్న తాళంచెవి నా మొలతాడు నుంచి విప్పి మద్దిలేటమ్మ చేతిలో పెట్టాలి. ఆమె "వద్దు చిన్నాయనా" అంటుంది కూడా. ఆ మాటకే చచ్చిపోతాను నేను.

చెవి "పక్క బావి ఐదు మూరలు" అంది. దాని మీద గోనెసంచి కప్పాను. సంచి లోపలి నుంచి మళ్లీ చెప్పింది.

70వ రోజు.

ఎడమ పేజీ: పూడిక తీశాను. నీరు రాయలేదు, కలకగా ఉంది. మొదటి గుక్క తాగాను.

మూతవేళ దిగాను. ఎండ తలకెక్కే ఆ నాలుగు గంటలూ ఊళ్లో తలుపులన్నీ మూసి ఉంటాయి, కుక్క కూడా బయటికి రాదు. తాడు పట్టే మనిషి లేకుండా బావిలో దిగకూడదు. దిగాను. చివరి ఒరకు ఎర్ర గీత ఉంటుంది. దాని కింద మూరెడు మందాన జిగటమన్ను పొర, ఆ పొర కింద అడుగునీళ్లు. గీత దాటి గడ్డపార వేయకూడదని ఈ ఊళ్లో నడక రాకముందే పిల్లలకు నేర్పుతారు. నేనే నేర్పుతాను.

పూడిక నిజంగానే తీశాను, పన్నెండు తట్టలు. ఇంకొంచెం లోతు చేస్తే ఊట విచ్చుకుంటుందేమో అనిపించింది. ఆ మన్ను పొరను గుచ్చకుండా పైపైన గీకితే తప్పేముందనిపించింది. గీకుతుంటే పై నుంచి నవ్వులు వినిపించాయి. ఎండవేళ ఎవరూ లేరు, నాకు తెలుసు. మీసం నాటి నవ్వులే అవి. గడ్డపార రెండు చేతులా ఎత్తి దించాను. మూడో పోటుకు అది చేతి పట్టు దాకా దిగింది, లోపల ఎవరో పట్టి లాగినట్టు. బయటికి తీసేసరికి ఆ బెజ్జంలోంచి నీళ్లు బుడబుడమని పొంగాయి.

పైకి వచ్చాక చెవి అడిగింది, కింద మూడు పోట్లు వినబడ్డాయి, ఏమిటని. పూడిక పని అన్నాను. సరే అంది.

71వ రోజు.

ఎడమ పేజీ: నీరు ఐదు మూరల రెండు వేళ్లు. పట్టీ పసుపు. చేదలు యాభై నాలుగు. మొదటి గుక్క తాగాను.

ఐదు మూరల రెండు వేళ్లు! చెవి చేత మూడుసార్లు చెప్పించుకున్నాను. తర్వాత అది "పక్క బావి ఐదు మూరల మూడు వేళ్లు" అంది. నేను పూడిక తీస్తే ఆమెకు పెరగడమేమిటి? పక్క ఇంట్లో పండగ అయితే తనకూ పాయసం వచ్చినట్టు. ఒక్క వేలు. ఒక్క వేలు తక్కువ నేను.

అయినా జనం వచ్చారు. తొంగి చూసి పూడికకే ఇంత ఊరిందా అని ముక్కున వేలేసుకున్నారు. దగ్గర బావి దగ్గరే కదా, కాళ్లు ఇటే లాగుతాయి. మీసం దువ్వుకున్నాను.

73వ రోజు.

ఎడమ పేజీ: నీరు ఐదు మూరల తొమ్మిది వేళ్లు. పట్టీ పసుపు. చేదలు డెబ్భై ఒకటి. మొదటి గుక్క తాగాను.

పట్టీ పసుపుగా ఉంటే మంచి నీళ్లు, ఎర్రబడితే అడుగునీళ్లు. ఈ రోజు పట్టీ పసుపు అని రాశాను. నీడలో చూస్తే అలాగే ఉంది. ఎండలో చూస్తే వేరే రంగు ఉందేమో, ఎండలో చూడాలని నియమమేమీ లేదు. పట్టీల డబ్బా పాతబడింది. గుక్క తాగినప్పుడు నాలుక మీద చవుడు తగిలినట్టయింది. పొద్దున వేపపుల్ల నమిలాను, అందుకయ్యుండవచ్చు.

75వ రోజు.

ఎడమ పేజీ: నీరు ఆరు మూరలు. పట్టీ పసుపు. చేదలు తొంభై ఆరు. మొదటి గుక్క తాగాను.

బాలన్న చెంబు ఈ రోజు నా బావిలో నిండింది. నాలుగేళ్లుగా ఈ ఘడియ కోసం చూశాను. నింపి చేతికిచ్చాను. ఆ కర్రలూ ఆ కాళ్లూ చూస్తూ ఇచ్చాను. ఆయన తాగుతుంటే నేను తాడు చుట్టే పని పెట్టుకుని అటు తిరిగాను.

లింగమ్మ పప్పు నా నీళ్లతో పెట్టింది. మూడు గంటలు మంట పెట్టినా గింజ గింజగానే ఉంది. ఇంతకుముందు ఉడికేది కాదు, ఇప్పుడు పొయ్యి మీద రాళ్లు పెట్టినట్టుందని అంది. అని నా మొహంలోకి చూసింది. ఏమీ అడగలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఏమీ అడగని రోజులు నాకు బాగా గుర్తు, మూడో నాలుగో.

77వ రోజు.

ఎడమ పేజీ: నీరు ఆరు మూరల రెండు వేళ్లు. పట్టీ

పట్టీ ఏమిటో తర్వాత రాస్తాను.

మూతవేళకు ముందు మద్దిలేటమ్మ వచ్చింది. చేతిలో తన బావి చేద ఉంది. బావిని పాడుచేసిన కాపరి తన చేదను పెద్దకాపరి గుమ్మంలో బోర్లించి పోవాలని మా ఊరి కట్టుబాటు. ఈ నలభై ఏళ్లలో ఎవరూ బోర్లించలేదు. ఆమె బోర్లించింది.

"మూడు దినాల నుంచి పట్టీ ఎర్రగా తిరుగుతాంది చిన్నాయనా. నేను యాడో తప్పు చేసినా. ఒర దించేటప్పుడే మన్ను పొరకు దెబ్బ తగిలిందో ఏమో, నాలుగేండ్లకు బయటపడింది. ఎవరూ తోడకుండా గిలకకు వేపమండ కట్టేసినా. రేపట్నించి ఊరంతా నీ బావికే వస్తాది" అంది. బోర్లించిన చేద వైపు చూస్తూ, "నువ్వు ఆ పొద్దే చెప్తివి, ఆడ తవ్వొద్దని. నేను వినలేదు" అంది.

లింగమ్మ గడపలో నిలబడి ఉంది. నన్నే చూస్తోంది.

నేను కోరుకున్నవన్నీ ఒకేసారి నా గుమ్మంలోకి వచ్చాయి. ఊరంతా నా బావికి రావడం, ఆమె చేద బోర్లించడం, నా మాటే నెగ్గిందని ఆమె నోటే అనడం. వెతికి వెతికి దొరకని మేకపెంటికను ఆమే తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ఏమన్నానంటే, "చూద్దాంలే" అన్నాను. అంతే అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

తర్వాత పట్టీ తీసుకుని ఎండలోకి వెళ్లి చూశాను. ఆకువక్క నమిలిన నాలుక రంగు.

78వ రోజు.

ఎడమ పేజీ: నీరు ఆరు మూరల మూడు వేళ్లు. పట్టీ ఎరుపు. 73వ రోజు నుంచీ ఎరుపే, పసుపు అని అబద్ధం రాశాను. చేదలు సున్న. మొదటి గుక్క తాగలేదు.

పొద్దున్నే ఊరంతా వచ్చింది. కుండల వరస వీధి మలుపు దాకా ఉంది. అన్నిటికంటే ముందు మద్దిలేటమ్మ కుండ. చేద పోగొట్టుకున్న కాపరి వరసలో ముందు నిలబడి అందరి ముందూ పెద్దకాపరి నీళ్లు తాగాలి, అదీ కట్టుబాటే. ఆమె తల దించుకుని నిలబడింది. బాలన్న కర్రల మీద ఒరిగి నా గొంతు వైపు చూస్తున్నాడు.

చేద తోడి దోసిలిలో వంచుకున్నాను. నాకు నేను ఒక మాట చెప్పుకున్నాను. ఒక్క గుక్క తాగితే అయిపోతుంది. వానలు రానీ, పొర దానంతటదే సర్దుకుంటుంది. ఎవరికీ తెలియదు. చెవికి కూడా పూడిక అనే చెప్పాను. దోసిలి నోటి దాకా వెళ్లింది కూడా. అప్పుడు మద్దిలేటమ్మ తల ఎత్తి చూసింది. ఆ చూపులో అనుమానం ఇసుమంత కూడా లేదు. నా గొంతు కదలగానే కుండ నింపుకుందామని చూస్తోంది, పద్దెనిమిదేళ్లప్పుడు చూసినట్టే.

దోసిలి వదిలేశాను. నీళ్లు పళ్లెం మీద పడి కాలువలోకి పోయాయి.

"ఈ నీళ్లు ఎవరూ తాగొద్దండి. ఆయమ్మ బావిలో తప్పు లేదు. గీత దాటి పొడిచింది నేను" అన్నాను.

బాలన్నే అడిగాడు.

"ఏంటికిరా?"

దీనికి చాలా జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నాను, ఊట కోసమని, బావి బతకాలని. అవన్నీ పక్కన పెట్టాను. "కుళ్లు బాలన్నా. ఆయమ్మ నీళ్లు నా నీళ్ల కంటే బాగుంటాయని కుళ్లు" అన్నాను.

ఆయన ఒక కర్ర ఎత్తాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. కర్ర చివరతో తన వంకర కాలును తట్టి చూపించాడు. ఏడు రోజులకు వంగవు, ఏడేళ్లకు వంగుతాయి అని, మళ్లీ కర్ర దించుకున్నాడు. ఆయన నాతో అన్నది అంతే.

తాళంచెవి మొలతాడు నుంచి విప్పి మద్దిలేటమ్మ ముందు గట్టు మీద పెట్టాను. నిన్న బోర్లించిన చేదను లింగమ్మే తెచ్చి మద్దిలేటమ్మ చేతికిచ్చింది. మద్దిలేటమ్మ నా వైపు చూడలేదు. "రెండు బావులూ ఒకే నీళ్లయితే ఎవరివి ఎక్కువనీ, ఎవరివి తక్కువనీ?" అంది. నాతో కాదు, చేదతో అన్నట్టు అంది. చెవి నాకు రోజూ చెబుతూ వచ్చింది ఆ మాటే. నేను అంకెలు మాత్రమే విన్నాను.

80వ రోజు.

ఎడమ పేజీ: ఈ పేజీ రాసే హక్కు నాకు లేదు. ఖాళీ.

ఊరు వంకలో ఇసుక తోడి చెలమలు తీసుకుంది. ఇంటికి రోజుకు ఒక్క బిందె, అదీ గుడ్డలో వడగట్టి, కాచి. పసిపిల్లల తల్లులు నా గుమ్మం ముందు నుంచే పోతారు. ఎవరూ తిట్టరు. తిట్టడానికి కూడా గొంతు తడి ఉండాలి కదా.

ఈ రోజు నా బావి బెజ్జం పూడ్చారు. గీత దాటినవాడు మళ్లీ బావిలో దిగకూడదు కాబట్టి మద్దిలేటమ్మ దిగుతానంది. జిగటమన్నులో సున్నం కలిపి ముద్దలు చేసి, పొంగే నీళ్లలో చేత్తో కుక్కాలి. ఊరంతా చేరి నీళ్లు తోడుతుంటే నడుము లోతులో నిలబడి చేయాల్సిన పని. నడుముకు కట్టిన తాడు ఎవరు పట్టాలన్న మాట వచ్చింది. నలుగురు మగవాళ్లు ముందుకొచ్చారు.

"చిన్నాయన పడతాడు" అంది మద్దిలేటమ్మ. వాళ్లు ఒప్పుకోలేదు. "నన్ను పన్నెండేండ్లు కిందికి దింపి మీదికి లాగినోడు ఆయనే. ఆ చెయ్యి నాకు తెలుసు. మీ చేతులు నాకు తెల్దు" అంది.

పట్టాను. మూడు గంటలు ఆ తాడు తప్ప లోకంలో నాకు ఇంకేమీ లేదు. ఆమె పైకి వచ్చేసరికి సున్నం తిని చేతులు మోచేతుల దాకా ఎర్రగా బొబ్బలెక్కి ఉన్నాయి. లింగమ్మ వెన్న రాసి పాతచీర గుడ్డలు చుట్టింది. కింద ఊట ఆగిపోయింది. నా బావికి మూడేళ్లు మూత.

92వ రోజు.

ఎడమ పేజీ, మద్దిలేటమ్మ బావి పుస్తకంలోది: నీరు నాలుగు మూరల పది వేళ్లు. పట్టీ పసుపు, ఎండలో చూసింది.

ఆమె చేతులకు ఇంకా కట్లున్నాయి, కలం పట్టలేదు. రాసిపెట్టమని కబురు పంపింది. వెళ్లకూడదని ఒక పూట బిగదీసుకుని కూర్చుని, తర్వాత వెళ్లాను. పుస్తకం తెరిచాను. ఆమె కుడి పేజీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఏమీ రాయవా అని అడిగితే, రాసేంత కోపం ఎవరి మీదా రాలేదు చిన్నాయనా అంది. చూడండి, దీనికీ నాకు ఒక క్షణం కుళ్లు పుట్టింది. అది పూర్తిగా పోయిందని రాస్తే ఇంకో అబద్ధమవుతుంది.

తొలివాన రోజున నా పుస్తకంలో కుడి పేజీలు కూడా చదవమని బాలన్నకు చెప్పాను. మేకపెంటిక మాట కూడానా అని లింగమ్మ అడిగింది. అది కూడా.

పాడైన నీళ్లు తోడి పారబోశాక గిలకకు కట్టిన వేపమండ విప్పారు. పద్నాలుగు రోజులుగా నోళ్లెండిన ఊరు వరసలో నిలబడింది. మొదటి గుక్క కాపరిదే. ఆమె చేతులు లేవవు కాబట్టి చెంబు నేను ఎత్తి పట్టాను. తాగింది, బాలన్న తల ఊపాడు. చెంబులో సగం మిగిలింది. కట్లు కట్టిన చేతులతోనే దాన్ని నా వైపు నెట్టింది. అందరూ చూస్తుండగా తాగాను. ఎట్లున్నాయని ఎవరూ అడగలేదు. ఆమె పుస్తకం ఒడిలో పెట్టుకుని, తొలివాన రోజు పైకి చదివే ఎడమ పేజీలోనే, అంకెల కింద ఇంకో వరస రాశాను:

మొదటి గుక్క కాపరి తాగింది. రెండో గుక్క తిరుపాలు తాగాడు. నీళ్లు తియ్యగా ఉన్నాయి.